ఆకుపచ్చ కార్పెట్ మీద తెల్లమచ్చ

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఎవరో తెలియని మీకు చెబుతున్నాను, ఎందుకంటే తెలిసినవాళ్లంతా నన్ను మంచిదాన్నే అనుకుంటున్నారు.

మాది టెక్కలి. సబ్బులు, ఫినాయిలు, బ్రష్షులు, సోఫాలకు కొట్టే నురగ సీసాలు అమ్మే కొట్టు. ఏ మరకకు ఏది వాడాలో ఊళ్లో నన్నే అడుగుతారు. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే.

మా చర్చిలో ప్రభుభోజనం బల్ల సర్దే పని పదకొండేళ్లు నాది. మందస నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన కరుణకు, వచ్చిన రెండేళ్లకే, ఆ పని ఇచ్చేశారు. "ఆ పిల్ల చెయ్యి పడితే బల్లకే కళ" అన్నారు పాస్టరమ్మగారు. పదకొండేళ్లలో ఒక్కసారైనా నాతో ఆ మాట అన్నారా? పాటలు పాడుతూ కూడా కరుణ చేతుల వైపే చూసి కుళ్లిపోయేదాన్ని. ఆమె పరిచిన గుడ్డ బాగుందని మా ఆయన అన్న రోజు కూరలో ఉప్పు వేయలేదు. కావాలనే.

సంఘమంతా చందాలేసుకుని బల్ల కింద కొత్త ఆకుపచ్చ కార్పెట్ పరిచాం. నెల తిరక్కుండానే, ప్రభుభోజనంలో పంచే ద్రాక్షరసం కరుణ చేతిలోంచి దానిమీద ఒలికింది. మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చింది.

"వదినా, రసం ఒలికిపోనాది. ఏటి రాయాల?"

చల్లనీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు, కాస్త వెనిగర్ కలిపి, గుడ్డతో అద్దితే చాలు. రుద్దకూడదు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"చెంబుడు నీళ్లకి రెండు చెంచాలు బ్లీచింగ్ కలిపి పోసి గట్టిగా తోముసీ" అన్నాను.

"రంగు పోదు కదా?"

"ఏటీ అవ్వదు."

"నువ్వు సెప్పినావంటే సాలు వదినా."

చేతులకు గ్లౌజులు వేసుకోమని కూడా చెప్పాను. ఎంత ప్రేమో చూడండి.

ఆదివారానికి బల్ల ముందు విస్తరాకంత తెల్లమచ్చ. పెద్దలు గుచ్చి గుచ్చి అడిగారు. నా పేరు చెబుతుందా? "వదిన సరిగ్గానే సెప్పింది. నానే పాళ్లు తప్పు కలిపీసాను" అంది. నన్ను కాపాడాలని కాదు, నిజంగానే అలా నమ్మింది. బల్ల పని మళ్లీ నాకొచ్చింది, ఆమె వెనక వరసకు పోయింది. సంతోషించానా? సంతోషించాను. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

ఆ మచ్చ మీద ఇప్పటికీ పూలకుండీ పెడుతున్నాను. గుడ్డ ఎంత సర్దినా నా చేతిలో ఓ పక్కకు జారుతూనే ఉంటుంది. కరుణ చేతులంటే నాకు ఈరోజుకీ కడుపుమంటే. తప్పు చేసినా ఆ మంట చల్లారలేదేమిటి?

మొన్న కరుణ మళ్లీ కొట్టుకొచ్చింది. ఇంట్లో సోఫా మీద టీ ఒలికిందట. ఈసారి నిజమే చెప్పాను.

"పాళ్లు కాయితం మీద రాసియ్యి వదినా. నానే ఎప్పుడూ తప్పు కలిపీస్తాను" అంది.

రాసిచ్చాను. కింద ఇంకో మాట రాయాలని పెన్ను అలాగే పట్టుకున్నాను. ఆమె ఎదురుగా నిలబడి ఉంటే చెయ్యి కదల్లేదు. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను: కరుణ పాళ్లు తప్పలేదు.