పిల్లి మొహం వీణా, మేడ మీద గదీ

వైజాగులో అద్దె గది వెతకడానికి మా నాన్న అద్దాల పెట్టెలో వీణ పెట్టుకుని బయల్దేరాడు. నిజం వీణ కాదు, మూరెడు బొమ్మ వీణ. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో తరాల నుంచి వీణలు చేసే ఇళ్ళు కొన్ని ఉన్నాయి, అందులో మాదొకటి. ఇప్పుడు పెద్ద వీణ కొనేవాళ్ళు తగ్గిపోయారు, బొమ్మ వీణలకే గిరాకీ. ఏ సభలోనైనా పెద్దమనిషికి శాలువా కప్పి, చేతిలో మా బొమ్మ వీణ పెట్టి ఫొటో తీస్తారు. దాన్ని చూసి నవ్వని మనిషి ఉండడని నాన్న నమ్మకం.

"కలెక్టరే పళ్ళికిలించీసినాడు, ఇంటి ఓనరెంతే!" అన్నాడు బొబ్బిలి స్టేషన్లో.

నాకు వైజాగులో పీజీ సీటొచ్చింది. హాస్టల్లో మాత్రం చోటు రాలేదు. ఆదివారం సాయంత్రంలోగా గది దొరికితే చదువు, దొరక్కపోతే సీటు వదిలేసి ఇంటికి రావడం. ఇదీ నాన్న పెట్టిన గడువు. ఇంటికొస్తే నా చేతికి ఏం ఇస్తారో నాకు తెలుసు, గరుకు కాగితం. పదేళ్ళ వయసు నుంచీ పనస చెక్క రుద్దుతున్నాను. తుమ్మితే ముక్కులోంచి పసుపు రంగు పొడి వచ్చేది. ఇంకో నలభై ఏళ్ళు అలా తుమ్ముతూ బతకడం నావల్ల కాదు.

మొదటి ఇంటి ఓనరు వసారాలో వాలుకుర్చీలో ఉన్నాడు. అద్దాల పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, ఏం చెక్క, ఎన్ని రోజుల పని అని అడిగాడు. తర్వాత మా ఇంటిపేరు అడిగాడు. తర్వాత మేం ఏం తింటామో అడిగాడు. అన్నీ విన్నాక, గది నిన్ననే ఇచ్చేశానన్నాడు. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డు ఆయన నెత్తి మీదే ఊగుతోంది. నాన్న పెట్టె వెనక్కి లాక్కున్నాడు. ముందు తాళంచెవి, తర్వాత వీణ. ఆ విషయంలో ఆయన చాలా కచ్చితం.

రెండోది లేడీస్ హాస్టల్ అని పేరు పెట్టుకున్న ఒక వంటిల్లు. అక్షరాలా వంటిల్లే. కింద మూడు మంచాలు, నాలుగో పరుపు గ్యాస్ గట్టు మీద. గట్టు మీద పడుకున్న పిల్ల పాదాలు సింకులో ఉన్నాయి. ఆ పిల్ల మాకేసి చూసి, "కొళాయి లీకవదు అంకుల్, భయం లేదు" అంది. నాన్న ఆ రాత్రి నిద్రపోలేదు.

మూడోచోట ఒక బ్రోకరు దొరికాడు. అద్దె ఎందుకంత అని అడిగితే, "భోగాపురంలో ఎయిర్‌పోర్ట్ వస్తాది కదండీ" అన్నాడు.

"భోగాపురం మా జిల్లాలోదిరా! ఇమానం మాకు, అద్దె మీకా?" అని నాన్న నడిరోడ్డు మీద అరిచాడు. బ్రోకరు స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నానికి కాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ వీధిలో చిట్టచివరి ఇల్లు మిగిలింది. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గది. వేసవిలో అందులో అప్పడాలు వేయించుకోవచ్చు. అయినా నాకు అది రాజమహల్లా కనిపించింది. ఇల్లుగలావిడకి యాభై దాటి ఉంటాయి. విజయనగరం పుట్టిల్లు, భర్త పోయాడు, ఒక్కర్తే ఉంటోంది. మాది బొబ్బిలని చెప్పగానే, ఆవిడ అద్దాల పెట్టెకేసి చూసి, నాకేసి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అయితే అమ్మాయికి వీణ వాయించడం వచ్చునా?"

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. వీణ లోపల ఎవరి కంటికీ కనపడని చోట చెక్కలో చిన్న ముడి ఉన్నా, కొనేవాడికి పిలిచి మరీ చూపించి, బేరం పోగొట్టుకునే మనిషి. అలాంటి మనిషి గోడకేసి చూస్తూ అన్నాడు: "ఆఁ, వాయిస్తాదండి. బాగా వాయిస్తాది."

మా ఇంట్లో వీణ చెక్కుతాం, రుద్దుతాం, తీగలు కడతాం. వాయించడం ఏ ఒక్కరికీ రాదు. తీగ బిగించాక 'స', 'ప', పై 'స' మీటి చూస్తాం. అవి కుదిరితే లేచి భోంచేస్తాం. అంతవరకే మా సంగీతం.

"నాకు నేర్పుతావా అమ్మా? అద్దె సగమే ఇద్దువుగాని" అందావిడ. తాళంచెవి ఇటొచ్చింది, బొమ్మ వీణ అటెళ్ళింది.

మెట్ల మీద నాన్న చొక్కా పట్టుకున్నాను. "ఏటి నాన్నా, అలా అనీసేవు?"

"నానేటి సెయ్యనే! నోట్లోంచి వచ్చీసింది. నేర్సుకో."

"ఎప్పుడు నేర్చుకోను?"

"ఆవిడ కంటే ఒక రోజు ముందు."

మర్నాడు ఆవిడ అటక మీంచి దుప్పట్లో చుట్టిన తన వీణ దింపించింది. దుప్పటి విప్పగానే నాకు నవ్వొచ్చింది, దగ్గుతో కప్పేశాను. వీణ చివర్న యాళి అని సింహంలాంటి మొహం చెక్కుతారు, చూస్తే జడుసుకోవాలి. ఇది కాలవలో పడి లేచిన పిల్లిలా ఉంది. ఎవడు చెక్కాడో మహానుభావుడు అనుకున్నాను.

"నాకు చెవి లేదమ్మా, ముందే చెప్తున్నా" అందావిడ. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న కొనిచ్చాడట. మాస్టారు మూడు నెలలు చెప్పి, ఈ పిల్లకి శ్రుతి తెలీదు, చెవి లేదు, డబ్బు దండగ అని వాళ్ళ నాన్న ముందే అనేసి వెళ్ళిపోయాడట. "అప్పట్నుంచీ నేను కూనిరాగం కూడా తియ్యలేదు. స్నానాల గదిలో కూడా."

ఆవిడ అది నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది.

నా గురుత్వం మొదలైంది. మొదటి వారం కూర్చోవడం నేర్పాను. రెండో వారం గోళ్ళు కత్తిరించుకోవడం నేర్పాను. మూడో వారం వీణ తుడవడం. ఇందులో మాత్రం నేను నిజంగా దిట్టని. ఇక సాగదియ్యడానికేమీ మిగల్లేదు కాబట్టి బస్సులో ఫోన్ వీడియోలు చూసి సరళీ స్వరాలు బట్టీ పట్టి, సాయంత్రం ఆవిడకి అప్పచెప్పేదాన్ని. ఆవిడ వేలు పెట్టిన చోటల్లా స్వరం వంకరపోయేది. వంకరపోయిన ప్రతిసారీ తన చెవి మీద తనే కొట్టుకునేది, "లేదు, లేదు, చెవి లేదు" అంటూ. తల్లి వయసు మనిషి అలా కొట్టుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒక అనుమానం మాత్రం వచ్చింది. తప్పు ఆవిడ వేలిదా, మెట్లదా? తీగ కింద అడ్డంగా వరసగా ఉండే ఇత్తడి కమ్మీలను మెట్లంటారు. బొగ్గుపొడి కలిపిన మైనంలో వాటిని నిలబెడతారు. వెంట్రుకవాసి జరిగితే స్వరం చెడుతుంది. మా ఇళ్ళల్లో చెక్క ఎవరైనా చెక్కొచ్చు గానీ, మెట్లు పెట్టేది ఇంటి పెద్ద ఒక్కడే. అప్పట్లో తాత, ఇప్పుడు నాన్న. నేను మైనం వేడి చెయ్యడం దాకానే. ధైర్యంగా మెట్లదే తప్పని చెప్పాలంటే వాయించి చూపించాలి. అదొక్కటే కదా నాకు రానిది! నాన్నకి ఫోన్ చేశాను.

ఆ ఆదివారం నాన్న మైనం ముద్దతో దిగి, మేడ మీద నీడలో లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు. దుప్పటి తీశాడు. పిల్లి మొహం చూసి నవ్వుతాడని నేను కాచుకుని ఉన్నాను. నవ్వలేదు. బొటనవేలితో దాని మూతి తడిమి, ఆవిణ్ణి అడిగాడు: "ఇది ఎక్కడ కొన్నారమ్మా?"

"మీ ఊళ్ళోనే. పెద్దాయన లేడు. రైలు టైమైపోతోందని మా నాన్న తొందరపెడితే, ఒక కుర్రాడు ఇచ్చాడు."

నాన్న పాత మెట్లన్నీ ఊడబెరికాడు. మైనం కాచి, ఒక్కో మెట్టూ నిలబెట్టి, మీటి, చెవి ఒగ్గి, జరిపి, మళ్ళీ మీటి. ఇంకా రెండు మెట్లు మిగిలాయనగా ఆవిడ టీలు పట్టుకొచ్చింది. "పనయ్యాక తండ్రీ కూతుళ్ళు ఒక కీర్తన వినిపించాలి" అంది.

నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మాకు వాయించడం రాదమ్మా. మా ఇంట్లో ఎవలికీ రాదు. ఈ పిల్లకీ రాదు. గది కోసరం అబద్ధమాడీసినాను."

ఆవిడ నాకేసి తిరిగింది. "మరి ఇన్నాళ్ళూ నాకు నేర్పింది ఏటి?"

"ఫోన్లో వీడియోలు, ఆంటీ."

ఆవిడ మొహం ఎర్రబడింది. "గది ఖాళీ చెయ్యి. ఇప్పుడే."

నాన్న బతిమాలలేదు. "సేసెత్తాదమ్మా. రెండు మెట్లున్నాయి, అయి పెట్టీసి పోతాం. ఇంకో మాట కూడా ఉంది, సెప్పనివ్వండి. ఆ కుర్రోడిని నానే. ఆ మొహం సెక్కిందీ నానే. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మా నాన్న పార్వతీపురం పెళ్ళికెళ్ళినాడు. మెట్లు నాను ముట్టకూడదు. బేరం పోతాదని కంటితో సూసి పెట్టీసినాను. నాలుగు మెట్లు తప్పు. మీ సెవి తప్పు కాదమ్మా, ఈ సేతి తప్పు."

ఆవిడ ట్రేతో సహా మేడ మెట్ల మీద కూలబడింది. "మరి మాస్టారు అలా అన్నారే?" అంది.

"మెట్లు తప్పని తెలుసుకోలేనోడు మాస్టారేటమ్మా? ఆడికే సెవి లేదు!"

మిగిలిన రెండు మెట్లూ పెట్టి, మైనం బిగియడానికి సాయంత్రం దాకా పట్టింది. అప్పటిదాకా ఆవిడ తిడుతూనే ఉంది. ముందు ఆనాటి మాస్టార్ని, కూనిరాగం కూడా తియ్యని మనిషికి ఎలా తెలుసా అనిపించే మాటలతో. తర్వాత మా నాన్నని. తర్వాత నన్ను. నేను గదిలోకి పోయి పరుపు చుట్టి, పుస్తకాలు సంచీలో కుక్కుతూ ఏడ్చాను. చదువు పోయినందుకు ఎంత ఏడ్చానో, ఆవిడ చెవి మీద కొట్టుకున్న దెబ్బలు గుర్తొచ్చి అంతే ఏడ్చాను.

అప్పుడు బయట వీణ మోగింది. స రి గ మ. నేను నేర్పిన పాఠమే, ఒక్క స్వరం వంకర లేదు. మళ్ళీ ఒకసారి. మళ్ళీ ఒకసారి. తర్వాత ఆవిడ గుమ్మంలోకొచ్చి నా పరుపు చుట్టకేసి చూసింది.

"విప్పు. రేపట్నుంచి నిజం మాస్టారొస్తాడు. నువ్వూ నా పక్కన కూర్చుంటావు. తిట్లు నేనొక్కదాన్నే తినను. చదువయ్యేదాకా అద్దె సగమే. ఒక్క క్లాసు ఎగ్గొట్టావో, నీ మంచం ట్యాంకులో ముంచుతాను."

నాన్న కళ్ళు తుడుచుకుని, పొగ అన్నాడు. మైనం కాచిన పొయ్యి ఆరిపోయి గంటయింది.

మర్నాడు పొద్దున్న కింద స్నానాల గదిలోంచి పాట వినిపించింది. ముప్పై అయిదేళ్ళుగా నొక్కిపెట్టిన గొంతు, రేకులు అదిరేలా. నేను బొబ్బిలికి ఫోన్ చేసి, కిటికీ బయటికి పట్టుకున్నాను. నాన్న చివరిదాకా విన్నాడు. నిజం చెప్పాలంటే ఆవిడ గొంతు ఏమీ బాగోలేదు. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదు.