రిపోర్టులో లేని బావి

నేను పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎం.ఏ. చదివేనాటికి పంచాయతీ సమితులు కొత్త. అవి ఎలా పనిచేస్తున్నాయో చూసి రమ్మని మా యూనివర్సిటీ, ఇంకో యూనివర్సిటీ కలిసి విద్యార్థులను జంటలుగా ఊళ్ళకు పంపాయి. ఇద్దరూ తిరగాలి, ఇద్దరూ కలిసి ఒకే రిపోర్టు రాయాలి. నాకు పొదిలి వైపు ఊరు పడింది. నాతో వచ్చిన అవతలి యూనివర్సిటీ అబ్బాయి ఇంగ్లీషు బాగా రాసేవాడు. ఆ సంగతి బస్సులోనే రెండుసార్లు చెప్పాడు.

అతను సమితి ప్రెసిడెంటు గారి మేడలో దిగాడు. నన్ను స్కూలు టీచరమ్మ ఇంట్లో ఉంచారు.

ఆడవాళ్ళతో మాట్లాడే పని నాది. ఊరి చివరి పేటకు వెళ్ళేసరికి ఒకామె అప్పుడే మిరపకాయలు కోసి వచ్చింది. మండే చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేక మట్టిలో రుద్దుకుంటోంది.

"మా పేటకని బావి తవ్వారమ్మా. తవ్వింది మటుకు ప్రెసిడెంటు గారి మిరప చేలో! కడవ తీసుకుపోతే చేను తొక్కుతున్నారని తరుముతారు. రాసుకో, అమ్మాయ్. బాగా రాసుకో."

వెళ్ళి చూశాను. బావి గట్టున సమితి పేరు చెక్కిన రాయి. పక్కన ఆయిలింజను చేనుకు నీళ్ళు తోడుతోంది. మూడు పేజీలు రాశాను.

అతను చదివి పక్కన పెట్టాడు. "ఇది తీసేద్దామండీ. ఒక్క మనిషి మాట ఆధారం కాదు."

"బావి ఆధారం కాదా? రండి, చూపిస్తాను."

"వాళ్ళింట్లో భోంచేసి వాళ్ళమీదే రాస్తామా?"

"భోంచేసింది మీరండీ!"

అతను రాలేదు. నెల తర్వాత రెండు యూనివర్సిటీల వాళ్ళ ముందు అతను రాసి చదివిన రిపోర్టులో 'తాగునీటి వసతి సంతృప్తికరం' అని ఉంది. కింద నా పేరు కూడా ఉంది. ఒళ్ళు మండిపోయింది. లేచి, అది అబద్ధమన్నాను.

మా ప్రొఫెసరు గారు విసుక్కున్నారు. "నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు సర్దుకుపోవాలమ్మా."

"అబద్ధంతోనా సార్? నా పేరు కొట్టేయండి."

కొట్టేశారు. వాక్యం మాత్రం అలాగే ఉంచారు.

ఆ వారమే పొదిలి బస్సెక్కి వెళ్ళి నా మూడు పేజీలూ ఆ పేటలో ఆమెకిచ్చాను. టీచరమ్మ చేత రెండుసార్లు చదివించుకుని, పేట ఆడవాళ్ళను వెంటబెట్టుకుని సమితి ఆఫీసుకు వెళ్ళిందట. చూస్తామన్నారట.

ఆపైన టీచరమ్మ ఉత్తరం రాసింది. బావి సంగతి ఎవరూ చూడలేదు. ఆమెను మాత్రం ఆ ఊళ్ళో ఏ రైతూ కోతకు పిలవడం లేదు. తెల్లారకముందే లేచి పొరుగూరికి నడిచిపోతోంది.

ఆ అబ్బాయి మీదా, ప్రొఫెసరు గారి మీదా నాకున్న కోపం అప్పటికే కొండంత. కాగితాలు ఆమె చేతిలో పెట్టి, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసిన నామీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు.