చెరిపేసిన రెండో పేరు

2002 నాటి మాట. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో కింద బట్టల దుకాణం, పైన మా ఆఫీసు. మెట్లెక్కుతుంటే కొత్త బట్టల గంజి వాసన వచ్చేది. అయిదు కంప్యూటర్లు, ఒక డయలప్ కనెక్షన్, గోడ మీద మాత్రం పేద్ద ప్రపంచ పటం. ఆ రోజుల్లో కాస్త ధైర్యం ఉన్న ప్రతివాడూ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టేవాడు. బొబ్బిలి నుంచి వచ్చిన మా సన్యాసిరావు గారూ పెట్టారు. ప్రోగ్రామర్లు రాసిందాన్ని సర్ది, సీడీలోకి ఎక్కించి, వాడుక పుస్తకం రాసిపెట్టడం నా పని. ఇప్పటికీ ఎక్కడైనా ఆ గంజి వాసన తగిలితే ఆ మెట్లే గుర్తొస్తాయి.

మేం అమ్మిన సరుకు నెట్ సెంటర్ల కోసం. ఇళ్ళల్లో ఇంటర్నెట్ లేక జనం అక్కడికి వెళ్ళి మెయిల్ చూసుకునేవారు. ఒకరు లేచాక తర్వాత కూర్చున్నవాళ్ళకి ముందువాళ్ళ మెయిల్ తెరుచుకునేది. కారణం కుకీ, అంటే మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్ మన కంప్యూటర్‌లో వదిలే చిన్న చీటీ. బ్రౌజర్ మూయగానే ఆ చీటీ చెల్లకుండా చేసే ప్రాక్సీ ఒకటి మా దగ్గర ఉండేది. ప్రాక్సీ అంటే సెంటర్‌లోని కంప్యూటర్లన్నిటికీ, ఇంటర్నెట్‌కీ నడుమ కూర్చునే వాచ్‌మన్ అనుకోండి.

దాన్ని మేం రాయలేదు. ఎవరో విదేశీయుడు మొదలుపెట్టి వదిలేస్తే, ఎక్కడెక్కడివాళ్ళో జీతంభత్యం లేకుండా చేతులు కలిపి పెంచిన ఓపెన్ సోర్స్ పని అది. దాని సోర్స్ కోడ్, అంటే అసలు రాత, అందరికీ తెరిచే ఉంటుంది. లైసెన్స్ ప్రకారం ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. కాకపోతే కొన్నవాళ్ళకి సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, మనకున్న స్వేచ్ఛే వాళ్ళకీ ఉండాలి, రాసినవాళ్ళ పేర్లు చెరపకూడదు. ఆ పేర్లు ప్రతి ఫైల్ నెత్తినా హెడర్‌లో ఉండేవి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న చరిత్రతో సహా.

నేను చెరిపాను. "పతీ ఫైలు మీదా మన కంపెనీ హెడరే ఉండాల రూతమ్మా, స్టాండర్డంటే అదీ!" అన్నారు సన్యాసిరావు గారు. నాకసలే శుభ్రం పిచ్చి. లైసెన్స్ చదవలేదా అంటే చదివాను, పుస్తకంలో ఎన్ని పేజీలు పడుతుందో చూడ్డానికి. ఒక్క మధ్యాహ్నంలో పేర్లూ చరిత్రా అన్నీ తుడిచి, మా కంపెనీ పేరు పెట్టేసి, తీరిగ్గా టీ తాగాను. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత మా నాన్న నోట వందసార్లు విన్నదాన్నే.

చిలకలగూడలో నెట్ సెంటర్ నడిపే యాదగిరి మా మొదటి కస్టమర్. అక్టోబర్‌లో ఒకరోజు మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే షురూ చేశాడు.

"ఏందీ మేడం గిట్ల జేసిండ్రు? ఒకామె మెయిలు పక్క కంప్యూటర్ల తెరుసుకుంది!"

ఆమె ఒక టీచరు. భర్త కొడుతున్నాడని ఊళ్ళో ఉన్న అక్కకు రాసుకున్న ఉత్తరం అది. పక్క కుర్చీలో ఉన్నవాడు వాళ్ళ వీధివాడే.

"ఆయన సదివిండో లేదో ఎరుక లేదు. ఆమె మొకం నేను సూడలేకపోయిన. నా దుకాన్ మీద భరోసతోని వస్తది మేడం. మల్ల గిట్లయితే ఆమె గతేంగావాలె?"

"బాగయ్యేదాకా మా ప్రాక్సీ ఆపేయండి" అన్నాను.

"ఆపితే పాత తక్లీఫే గద. జెర జల్ది సూడుండ్రి."

చూసేవాడేడీ? ప్రాక్సీలో మార్పులు చేసిన మా ప్రోగ్రామర్ అప్పటికే మాదాపూర్‌లో ఇంకో కంపెనీకి ఎగిరిపోయాడు. అప్పట్లో ఉద్యోగం మారడం బస్సు మారినంత తేలిక. మిగిలినవాళ్ళం కోడ్ తెరిస్తే, ఎక్కడేం ఎందుకు మారిందో చెప్పే చరిత్రంతా, మావాడు రాసుకున్నదీ కలిపి, నేనే తుడిచేసి ఉన్నాను. ఇక అసలు రాసినవాళ్ళే దిక్కు. పేరు దాచుకుని వాళ్ళకొక మెయిల్ పెట్టాను. మర్నాడే జవాబొచ్చింది, మీ ఫైళ్ళు పంపండి చూస్తామని. పంపితే దొంగలం దొరికిపోతాం.

"కేసెడతారేటో! పరువు పోద్ది. ఆగమ్మా, మనమే ఏదోటి సేద్దాం" అని సన్యాసిరావు గారు తల పట్టుకున్నారు. ఏమీ చేయలేకపోయాం. టీచరు రావడం మానేసిందని యాదగిరి ఫోన్ చేశాడు. ఇంట్లో ఫోన్ మీద భర్త కాపలా. అక్కతో మాట్లాడుకోవడానికి ఆమెకున్న దారి ఆ నెట్ సెంటర్ ఒక్కటే.

ఇంతలో నవంబర్ రెండు, మా క్రైస్తవుల సమాధుల పండుగ వచ్చింది. ఏటా ఆ రోజు మావాళ్ళ సమాధులకు సున్నం వేసి, పేర్లు నల్లరంగుతో దిద్ది, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా తాత పేరు వానలకు సగం పోయింది. నేను కూర్చుని దిద్దుతున్నాను. పక్క సమాధికి ఎవరో కూలివాళ్ళ చేత సున్నం వేయించినట్టున్నారు, పేరు మీదుగా దట్టంగా కొట్టేశారు. మా నాన్న దాని ముందు కాసేపు నిలబడ్డారు.

"శుభ్రంగానే ఉందమ్మా. ఎవరిదో మాత్రం తెలీదు" అన్నారు.

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. తల ఎత్తలేనంత సిగ్గేసింది. నేను చేసిందీ ఆ సున్నం పనే.

ఆ సోమవారం ఆఫీసులో సన్యాసిరావు గారికి నా మనసులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫైళ్ళు పంపకపోతే ఉద్యోగం మానేస్తానని కూడా అన్నాను. సన్యాసిరావు గారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఆ టీచరమ్మ మా సెల్లెలయితే ఇన్నాళ్ళు ఆగుదునేటి? పంపీయమ్మా. ముందు తప్పయిపోనాదని రాయి" అన్నారు.

రాశాను, నా పేరుతోనే. వాళ్ళలో ఒకాయన రాసిన జవాబులో మొదట రెండు వాక్యాల చీవాట్లు. తర్వాత తప్పెక్కడుందో చూపించాడాయన. స్పీడు కోసం మా ప్రోగ్రామర్ ఒకే కనెక్షన్‌ను రెండు కంప్యూటర్లకు వాడేలా మార్చాడు, అందుకే ఒకరి పేజీ ఇంకొకరికి పోయింది. ఎలా సరిచేయాలో కూడా రాసి పంపాడు. చివర్న ఇలా ఉంది: "మీరు చెరిపినవాటిలో రెండో పేరు నా స్నేహితుడిది. ఇప్పుడతను లేడు. అతని పేరు మిగిలింది ఈ ఫైళ్ళలోనే. దయచేసి మళ్ళీ చెరపకండి."

ఆఫీసని కూడా చూడకుండా ఏడ్చాను. పేర్లన్నీ ఒక్కొక్క ఫైలూ తెరిచి చేత్తో టైపు చేశాను. ఒక్క దెబ్బతో నకలు పెట్టేయొచ్చు, కానీ మనసొప్పలేదు. ఈసారి సీడీలో సరిచేసిన ప్రాక్సీతో పాటు సోర్స్ కోడ్ కూడా పెట్టి, యాదగిరికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

రెండు వారాల తర్వాత అతని ఫోన్. "ఒచ్చింది మేడం! మూలకున్న కంప్యూటర్ల గూసుంది. గంటసేపు రాసుకుంది."

ఆ కంపెనీ ఇప్పుడు లేదు, నెట్ సెంటర్లూ లేవు. నా పని మాత్రం ఇప్పటికీ సర్దడమే. తుడిచే ముందు అది మరకో, మనిషో చూడాలని ఆ ఏడు నేర్చుకున్నాను. ఆ ప్రాక్సీ కొత్త వెర్షన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఏటా సమాధుల తోట నుంచి రాగానే దాన్ని దించుకుని, మొదటి ఫైల్ తెరుస్తాను. రెండో పేరు ఉందని చూసుకున్నాకే వేళ్ళకంటిన నల్లరంగు కడుక్కుంటాను.