టార్నా అడుగున నీళ్ళు

చేపలు కొని ఇంటికి తెచ్చాక మళ్ళీ తూచుకోవడం గున్వోర్‌కు అలవాటు. దీవిలోని చేపల డబ్బాల ఫ్యాక్టరీలో సగం బతుకు గడిపిన మనిషి, తక్కెడ మీద వేలు ఆనించేవాళ్ళను చాలామందిని చూసింది. “స్వర్గానికి వెళ్ళినా ముందు తలుపు గడియ లాగి చూస్తావే నువ్వు” అని భర్త బెర్టిల్ నవ్వేవాడు.

అతను పోయి రెండేళ్ళు. యుద్ధం ముగిసిన కొత్తలో అతను చేయించుకున్న చిన్న చెక్క పడవ టార్నా, తెరచాప ఊడదీసి రేవు పక్క షెడ్డులో ఎండుతూ ఉంది. ఈ వేసవికైనా అది నీళ్ళలో దిగకపోతే రేవులో దాని చోటు వేరేవాళ్ళకు పోతుంది. చోటు పోతే పడవను అమ్ముకోవడమే. తానే నడుపుతానని గున్వోర్ పట్టుబట్టింది.

ఏప్రిల్‌లో షెడ్డు తెరిచి చూస్తే పడవ అడుగున మడమలు మునిగేంత నీళ్ళు. కప్పు కారడం లేదు. మూలనున్న వాననీటి పీపా పక్కన పొరుగింటి అస్సార్ బకెట్, ఇంకా తడిగానే ఉంది. రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంది, బెర్టిల్ ఇచ్చాడు. “అమ్మితే ముందు నాకు చెప్పు” అని అంత్యక్రియలయ్యాక అందరికీ ఇచ్చే కాఫీ దగ్గరే అడిగినవాడు కూడా అతనే. వాననీరు నిలిస్తే చెక్క కుళ్ళుతుందని ఆ దీవిలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. కుళ్ళిన పడవ చవగ్గా వస్తుంది. ఇంకేం కావాలి?

రేవులో వలలు బాగుచేసుకుంటున్న అస్సార్ ముందు నిలబడింది.

“నా పడవలో నీళ్ళు పోసింది నువ్వేనా?”

“నేనే.”

“సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నావు కూడా.”

“రుచి చూశావా?”

“నన్నేమన్నా తాగమంటావా?”

“దొంగనని నువ్వే తేల్చేశాక ఇంక నేనేం చెప్పను” అని అస్సార్ వల మీదికి వంగాడు.

ఆమె నీళ్ళన్నీ తోడేసి కొత్త తాళం వేసింది. ఆ నెలంతా పొడి తూర్పుగాలి, చినుకు లేదు. పొద్దున్నే అస్సార్ షెడ్డు వైపు చూస్తూ నిలబడటం కిటికీ తెర చాటు నుంచి కనిపెట్టేది. దొంగకు పని జరగడం లేదని మురిసిపోయేది.

ఆదివారం పడవను దింపాలనగా ఆ వారం తాళం తీసింది. లోపలికి ఎక్కి చూస్తే పలకల సందుల్లోంచి షెడ్డు నేల కనిపిస్తోంది. ఇలా దింపితే టార్నా మునుగుతుంది. అడుగున తెల్లటి పొడి. బూజేమోనని గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

అస్సార్ పోసింది పీపా నీళ్ళు కాదు. ఎండిన పలకలు ఉబ్బి సందులు మూసుకోవాలని సముద్రం నుంచి మోసుకొచ్చిన నీళ్ళు. ప్రతి వసంతం బెర్టిల్ బకెట్లు మోసేది ఇందుకే. తారు వాసనకు తుమ్ములొస్తాయని ఆమె ఎన్నడూ షెడ్డులోకి రాలేదు. ఇప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

తన ఇంటి బకెట్ పట్టుకుని అస్సార్ తలుపు తట్టింది. అతను ఉడికిన బంగాళాదుంపలు తింటున్నాడు.

“రుచి చూశాను” అంది.

అస్సార్ ఆమె చేతిలోకి చూశాడు. “ఒక్క బకెట్‌తో ఆదివారం లోపల అవుతుందా?”

“మరి నీ బకెట్ ఏదీ?”

“లోపలే ఉంది. పెట్టి తాళం వేసింది నువ్వేగా.”

గున్వోర్ కొత్త తాళంచెవి తీసి అతని పళ్ళెం పక్కన పెట్టింది.