నేను కొనివ్వని కళ్లద్దాలు

పిల్లలు బాధను మన దగ్గర ఎందుకు దాస్తారని ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఈ ఉదయం ఇడుపులపాయ హాస్టల్ నుంచి ప్రొద్దుటూరు వచ్చిన మా అమ్మాయి ముఖాన నేను కొనివ్వని కళ్లద్దాలు ఉన్నాయి.

"ఇవి యాడివి పాపా?"

"నా రూమ్మేట్‌వి మా. నావాటితో బోర్డు కనపడల్యా. దానికేమో వీటితో తలనొప్పి. మార్చుకుంటిమి."

"చూపు తగ్గితే చెప్పల్ల గదా?"

"చెప్తే ఫోను చూడొద్దంటావు. నీకు అన్నిటికీ అదొకటే మందు."

నవ్వొచ్చింది. నాలుగు రోజులుగా ఎడమ కంట్లో మెరుపులు, నల్ల చుక్కలు కనపడుతున్నాయని కూడా చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెటీనా చిరిగిందని మధ్యాహ్నమే లేజర్ చేశారు. ఆలస్యం చేస్తే చూపు పోయేదన్నారు.

ఇంటికొచ్చాక మెల్లగా అంది: "నా రూమ్మేట్‌కూ చుక్కలు కనపడతాండాయంట. వాళ్లమ్మకు చెప్పొద్దు మా, చదువు మాన్పిస్తారు."

హాస్టల్లో ఉన్న ఆ పిల్లకు ఫోన్ చేసి, రేపు పొద్దున్నే డాక్టరుకు చూపిద్దాం రమ్మన్నాను. "సరే ఆంటీ" అంది. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. లింగాలలో ఉన్న వాళ్లమ్మ నంబరు ఫోన్‌లో తీసి పట్టుకుని సాయంత్రం నుంచి ఇంట్లో తిరుగుతున్నాను. ఆమెకు చెప్పాలో వద్దో నాకింకా తేలలేదు. మీరైతే చెప్తారా?