నిన్నటి పులుసు

కావలి దగ్గర హైవే పక్కన మా అమ్మ నడిపే మెస్సుకు పేరంటూ లేదు. బోర్డు మీద "నిన్నటి చేపల పులుసు" అని మాత్రం ఉండేది. మామిడికాయ ముక్కలేసి దాకలో కాచిన పులుసు ఒక రాత్రి ఊరితేనే చేపకు పులుపు పడుతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. వండిన పూటే వడ్డించడం అమ్మ లెక్కలో మోసం.

మెస్సుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇక ఫోన్లో ఆర్డర్లొస్తేనే పొయ్యి వెలుగుతుందని తేలాక, బోర్డు మీదున్న మాటే పెట్టి ఒక పెద్ద కంపెనీ యాప్‌లో చేరాం. చేరిన వారానికే ఎవడో మహానుభావుడు ఒక్క స్టారిచ్చి, "నిన్నటి కూర పంపారు" అని రాశాడు.

"వాడడిగింది నిన్నటిదే గదా! మళ్ళ ఎల్లుండిది యాడ తెచ్చేది?" అని అమ్మ మండిపడింది.

మర్నాడు కంపెనీ మనిషి టై కట్టుకుని దిగాడు. "అక్కా, ఏ రోజుది ఆ రోజే అమ్మాల. లేకుంటే మీ మెస్సును యాప్‌లోంచి తీసేస్తారు" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. సంచిలోంచి తమ కంపెనీదే ఒక ప్యాకెట్ తీసి, ఇది కూడా అమ్మిపెట్టమన్నాడు. పైన "అసలైన నెల్లూరు చేపల పులుసు" అని రాసుంది. లోపలి చేప మాత్రం విదేశాలదట!

"ఇది ఎన్నాళ్లుంటాది?" అని అడిగింది అమ్మ.

"ఏడాది, అక్కా."

"ఏందబ్బయా, ఏడాది నాటిది నువ్వు అమ్మొచ్చు, నిన్నటిది నేను అమ్మగూడదా?"

"దీనికి డేట్ ఉందక్కా."

"నా పులుసుకూ ఉంది. నిన్న."

ఆయన నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది, కానీ చేసేదేముంది? బోర్డు మీద "నిన్నటి" చెరిపేశాం. ఆ రోజు వండింది ఆ రోజే డబ్బాల్లో పోసి, ఒక్కో మూత మీద "రేపు తినండి" అని చీటీ అంటించింది అమ్మ.

ఆకలేసి ఆర్డరిచ్చినవాడు రేపటిదాకా ఆగుతాడా? అందరూ ఆ పూటే తిన్నారు. "చేపకు పులుపు పట్టలేదు. నెల్లూరు పులుసు ఇలా ఉండదు" అని వరసపెట్టి రాశారు. మమ్మల్ని యాప్‌లోంచి తీసేశారు. ఆ నెలాఖరుకు మెస్సు మూతపడింది.

మూసిన మర్నాడు మధ్యాహ్నం, దాకలో మిగిలిన పులుసుతో అమ్మా నేనూ అన్నం తిన్నాం. అబ్బ, ఎంత బాగుందో! నాకు ఏడుపాగలేదు.

అమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, "ఇప్పుడు కుదిరింది" అంది.