మాట రాని రీలు

మొన్న అటక మీది పాత రేకుడబ్బా మూత తీయగానే పులిసిన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. లోపల ఎండిపోయిన రంగులు తప్ప ఏమీ లేవు. అయినా పైడమ్మత్త గుర్తొచ్చి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

అరవైల చివర్లో విజయనగరంలో మా పక్కవాటాలో ఒంటరిగా ఉండేది ఆవిడ. నేనప్పుడే కాలేజీలో చేరాను. సాయంత్రాలు నాకు పాట నేర్పేది. స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు వెళ్లి ఒకే ఒక్క సినిమాలో వేసిందని వీధిలో అందరికీ తెలుసు. ఆ సినిమా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఒక్క ప్రతి కూడా మిగల్లేదన్నారు. "సినిమాలో యేసినాదట, మరి బొమ్మేదీ?" అని కుళాయి దగ్గర ఆడవాళ్లు వెటకారమాడితే, అత్త బిందె ఎత్తుకుని వచ్చేసేది.

అలాంటిది, బొబ్బిలిలో మూతపడిన ఒక టూరింగు టాకీసు గోదాములో ఆ రీళ్లు దొరికాయి. సినిమా పిచ్చి ఉన్న కుర్రాళ్లు కొందరు హాలు మాట్లాడి, ఆదివారం ఉదయం ఆట వేస్తున్నామని, అత్తకు సన్మానం చేస్తామని వచ్చి చెప్పారు. వాళ్లు వెళ్లాక ఆవిడ తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మళ్లీ నిన్ను నువ్వు చూసుకోవచ్చత్తా," అన్నాను సంబరంగా.

"నన్ను సూసుకోడానికేటుందే? అందులో నా కూతురున్నాది."

అప్పుడు తెలిసింది. సినిమాలో ఆవిడ బిడ్డగా వేసింది సొంత బిడ్డే. బొమ్మ విడుదల కాకముందే అమ్మవారు పోసి పోయింది. "ఒక్క ఫొటో అయినా లేదే. మొకం మరిసిపోతన్నాను," అంది అత్త.

హాల్లో రీళ్ల డబ్బాలు తెరవగానే ఆ పులిసిన వాసన ముందు వరుసల దాకా వచ్చింది. పాటలు గరగరమంటూనే వినిపించాయి. తరువాతి రీలులో ఒక చిన్నపిల్ల గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి, తల్లి గడ్డం పట్టుకుని ఏదో చెప్పింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఫిల్ము మీద శబ్దం ఉండే అంచు మొత్తం పాడైపోయింది. జనం చప్పట్లు కొట్టారు. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఏటన్నాదే? నువ్విన్నావా?"

"ఆ రీలుకి మాట రావట్లేదత్తా."

"నాతోనే గదే సెప్పినాది. నాకెందుకు గుర్తు రాదు?"

మళ్లీ వెయ్యమని నేను వెళ్లి అడిగితే, ఇంకోసారి తిప్పితే రీలు పొడైపోతుందన్నాడు ఆపరేటరు. నా వెనకే వచ్చిన అత్త, "వద్దు నాయనా, దాన్ని ముక్కలు సెయ్యకండి," అంది. తర్వాత దండ వేశారు, ఉపన్యాసాలిచ్చారు. ఆవిడ దండం పెట్టి కూర్చుంది.

ఆ తరువాత పాఠాలు సాగలేదు. పాట మధ్యలో ఆగిపోయి, "అమ్మా, ఆకలేస్తన్నాది, అన్నాదేటో," అనేది. తన పెదాలు తనే తడుముకుని, "కాదు, అలా కదల్లేదు," అనేది. పోయేవరకూ అదే వెతుకులాట. మంచం పట్టాక ఒకరోజు నాతో, "రేపు నీకూ పిల్లలు పుడతారు. ఆల్లు మాటాడితే పని ఆపి ఇనవే," అంది.

ఇప్పుడా సినిమాను గొప్పదంటున్నారు. ఆ రీళ్ల నుంచి కొత్త ప్రతి తీసి ఉత్సవాల్లో వేస్తున్నారు. ఆ నిశ్శబ్దం దర్శకుడి ప్రతిభ అని రాసినవాళ్లూ ఉన్నారు. అవి చదివి పత్రిక పక్కన పెట్టేస్తాను.

మనవరాలు వచ్చి కొంగు లాగితే పొయ్యి ఆర్పి కింద కూర్చుంటాను. అది చీమ గురించో, ఊడిన పన్ను గురించో చెబుతుంది. చెప్పి పరుగెత్తిపోయాక, ఆ మాటలు పొల్లుపోకుండా ఒకసారి లోపల అనుకుంటాను. అప్పుడే లేస్తాను.